ఇరాక్ యుద్ధం: పెట్టిన ఖర్చుకు, పోయిన ప్రాణాలకు దక్కింది ఏమిటి?

పద్దుపుస్తకం
టీవీలో యుద్ధం మాట వస్తే చాలు, క్షిపణి ఎంత దూరం పోతుంది, విమానం ఎంత ఎత్తున ఎగురుతుంది అని గంటలకు గంటలు చెబుతారు. ఆ ఖర్చు ఎవరు భరిస్తారు, ఎన్నేళ్లు భరిస్తారు అని ఒక్కరూ అడగరు. ఇది చూసి చూసి విసుగు వచ్చి రాస్తున్నాను. నేను ఆడిటర్‌ని. ముందు వేసిన అంచనాను, చివరికి తేలిన లెక్కను పక్కపక్కన పెట్టి చూడటం నా వృత్తి. నడుస్తున్న యుద్ధాల లెక్క ఇంకా తేలదు కాబట్టి ముగిసినదాన్నే తీసుకుందాం. 2003లో అమెరికా ఇరాక్ మీద చేసిన యుద్ధం.

2002 సెప్టెంబరులో అధ్యక్షుడు బుష్ ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సే 10,000 నుంచి 20,000 కోట్ల డాలర్లు కావచ్చని చెప్పారు. అంత ఎందుకవుతుందని సొంత ప్రభుత్వంలోని వారే కొట్టిపారేశారు. బడ్జెట్ అధిపతి మిచ్ డేనియల్స్ 5,000, 6,000 కోట్లతో సరిపోతుందన్నారు. ఆ ఏడాది చివరికి లిండ్సే పదవిలో లేరు. 2003 మార్చిలో రక్షణ శాఖ ఉపమంత్రి పాల్ వుల్ఫోవిట్జ్, ఇరాక్ తన పునర్నిర్మాణానికి తానే డబ్బు సమకూర్చుకోగలదని కాంగ్రెస్‌కు చెప్పారు. ఏప్రిల్‌లో విదేశీ సహాయ విభాగం అధిపతి ఆండ్రూ నాట్సియోస్, పునర్నిర్మాణం కోసం అమెరికా ప్రజలు ఇవ్వాల్సింది 170 కోట్ల డాలర్లేనని టీవీలో అన్నారు.

చివరికి తేలిన లెక్క: కాంగ్రెస్ నేరుగా మంజూరు చేసిందే 80,000 కోట్ల డాలర్లు దాటింది. పునర్నిర్మాణం ఒక్కదానికే దాదాపు 6,000 కోట్లు పోయాయి. గాయపడినవారి వైద్యం, పింఛన్లు, అప్పు మీద వడ్డీ అన్నీ కలిపి మొత్తం 3 లక్షల కోట్ల డాలర్లకు చేరుతుందని జోసెఫ్ స్టిగ్లిట్జ్, లిండా బిల్మ్స్ అనే ఆర్థికవేత్తలు 2008లోనే అంచనా కట్టారు. దాదాపు 4,500 మంది అమెరికా సైనికులు, 179 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. ఇరాక్ పౌరుల మరణాలను ఒక్కొక్కటిగా నమోదు చేసిన ఇరాక్ బాడీ కౌంట్ జాబితాలో 1,80,000కు పైగా ఉన్నాయి. నమోదు కానివి ఆ లెక్కలో లేవు.

ఇంతకు తగినది ఏదైనా దక్కిందా? దక్కిందనేవారు కూడా రాయండి. వారి వాదనే నాకు ఎక్కువ అవసరం.

పల్లెటూరి_పిల్ల
170 కోట్లు ఎక్కడ, 6,000 కోట్లు ఎక్కడ! మా ఊరి చెరువు గట్టు అంచనా కూడా ఇంత తప్పలేదు.

సూటిమాట
దక్కిందనేవాణ్ని నేనే, రాస్తాను.

మీరు ఒక వైపు పద్దు మాత్రమే వేశారు. సద్దాం హుసేన్‌ను అలాగే వదిలేస్తే అయ్యే ఖర్చు ఎక్కడ వేస్తారు? 1980లో ఇరాన్ మీదికి దండెత్తాడు. ఎనిమిదేళ్లు సాగిన ఆ యుద్ధంలో రెండు దేశాలవారూ లక్షల్లో పోయారు. 1988 మార్చి 16న ఉత్తర ఇరాక్‌లో కుర్దు జాతివారు ఉండే హలబ్జా పట్టణం మీద విషవాయువు వదిలితే 5,000 మంది వరకు చనిపోయారు, వారిలో పాలు తాగే పిల్లలు ఉన్నారు. అదే ఏడాది అన్ఫాల్ పేరుతో కుర్దు గ్రామాలను తుడిచిపెట్టారు. చనిపోయినవారు 50,000కు తక్కువ కాదు, లక్ష వరకు ఉండవచ్చని మానవ హక్కుల సంస్థలు చెప్పాయి. 1990లో కువైట్‌ను మింగాడు. 1991లో తిరగబడిన షియాలను సామూహిక గోతుల్లో పూడ్చాడు. ఇలాంటివాడు ఇంకో ఇరవై ఏళ్లు ఉండి, తర్వాత కొడుకులకు అప్పగించి ఉంటే? యుద్ధం ఖరీదు గురించి మాట్లాడేవారు ఆ శాంతి ఖరీదు కూడా చెప్పాలి.

చరిత్ర_టీచర్
సూటిమాట గారూ, మీరు చెప్పిన ఘోరాలన్నీ నిజం. కానీ తేదీలు మరోసారి చూడండి. హలబ్జా 1988, షియాల ఊచకోత 1991. హలబ్జా నాటికి అమెరికా ఇరాన్ మీద కోపంతో సద్దాంకే సాయం చేస్తోంది. 1991లో తిరగబడమని పిలిచి, తిరగబడినవారిని ఆదుకోలేదు. సైన్యాన్ని పంపవలసిన అవసరం ఉన్నప్పుడు పంపలేదు.

2003 నాటికి అతని పరిస్థితి వేరు. ఉత్తరాన, దక్షిణాన అతని విమానాలు ఎగరడానికి వీల్లేని ప్రాంతాలు ఉన్నాయి. ఆంక్షలు ఉన్నాయి. 2002 నవంబరు నుంచి హాన్స్ బ్లిక్స్ నాయకత్వంలో ఐక్యరాజ్యసమితి ఆయుధ తనిఖీ బృందాలు ఇరాక్‌లోనే తిరుగుతున్నాయి. వారిని ఇంకొన్ని నెలలు పని చేయనిస్తే పోయేదేముంది? 2003 ఫిబ్రవరి 5న భద్రతా మండలిలో అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ ఇరాక్ దగ్గర ఉన్నాయని చెప్పిన సామూహిక విధ్వంస ఆయుధాలు (రసాయన, జీవ ఆయుధాల వంటివి) చివరికి దొరకలేదు. అమెరికా పంపిన సర్వే బృందమే 2004లో అవి లేవని తేల్చింది. మీరు చెబుతున్న కారణం కోసం ఆ యుద్ధం జరగలేదు. చెప్పిన కారణం కూలిపోయాక దీన్ని ముందుకు తెచ్చారు.

సూటిమాట
ఆంక్షలతో కట్టేశారు అంటున్నారు. ఆ ఆంక్షల వల్ల పదమూడేళ్లు మందులు లేక, తిండి లేక మాడింది సద్దాం కాదు, మామూలు ప్రజలు. ఆ కట్టివేత కూడా ఖర్చే కదా టీచర్ గారూ?

చరిత్ర_టీచర్
ఖర్చే. కాదనను. ఆంక్షలను మార్చమని అడిగినవారు అప్పుడూ ఉన్నారు. కానీ ఆంక్షల బాధకు విరుగుడు బాంబులు కావు.

మిలటరీ_మాధవరం
సైన్యంలో పనిచేసి సుబేదార్‌గా దిగాను. మా ఊరు పేరు విన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు, మా వీధిలో సైన్యానికి మనిషిని ఇవ్వని ఇల్లు తక్కువ. అందుకే యుద్ధం అసలు వద్దే వద్దు అని నేను అనలేను. కార్గిల్‌లో మన 527 మంది పోయారు. ఆ యుద్ధం తగినదా అని నన్ను ఎవరైనా అడిగితే, తగినదే అంటాను. మన శిఖరాల మీద శత్రువు కూర్చున్నాడు, దించాలి. పని అంతే. దించాక ఆగిపోయాం. నియంత్రణ రేఖ దాటవద్దని వాజ్‌పేయి ప్రభుత్వం గట్టిగా చెప్పింది, దాటలేదు. ఆ కట్టుబాటు వల్ల పై నుంచి కాల్పులు వస్తున్నా కింది నుంచి ఎక్కాల్సి వచ్చింది, ప్రాణాలు ఎక్కువ పోయాయి. అయినా పని ఎక్కడ ముగుస్తుందో మొదటి రోజే తెలుసు.

శ్రీలంక వేరే కథ. 1987లో శాంతి కాపాడటానికని వెళ్లాం. అక్టోబరు నాటికి ఎవరిని కాపాడటానికి వెళ్లామో వారి ప్రాంతంలోనే యుద్ధం చేస్తున్నాం. ఎవరు పౌరుడో, ఎవరు తమిళ పులుల (ఎల్‌టీటీఈ) మనిషో తెలియదు. పనికి అంచు లేదు. తమిళ ప్రాంతంలోని ముఖ్య పట్టణం జాఫ్నా పట్టుకున్నాక ఏం చేయాలో పై వారికీ స్పష్టత లేదు. 1990 మార్చిలో తిరిగి వచ్చేసరికి 1,200 మందికి దగ్గరగా పోగొట్టుకున్నాం. కార్గిల్‌కు రెండింతలకు పైన. వెళ్లేటప్పుడు పూలదండలు వేసిన జనం, వచ్చేటప్పుడు ముఖం తిప్పుకున్నారు. ఇరాక్ గురించి చదివినప్పుడల్లా నాకు జాఫ్నా గుర్తుకొస్తుంది.

పద్దుపుస్తకం
మాధవరం గారూ, మీరు చెప్పిన 'పనికి అంచు' నేను వెతుకుతున్నదానికి దగ్గరగా ఉంది. ఇరాక్‌లో ఆ అంచు మారుతూ పోయింది. మొదట ఆయుధాలు పట్టుకోవడం, తర్వాత సద్దాంను దింపడం, తర్వాత ప్రజాస్వామ్యం, తర్వాత ఉగ్రవాదులను అణచడం. పని మారిన ప్రతిసారీ కొత్త అంచనా వేయాలి. ఎవరూ వేయలేదు.

కువైట్_కడప
మాది రాజంపేట వైపు. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం వచ్చినప్పుడు నేను కువైట్‌లో డ్రైవర్‌ని. కాబట్టి సూటిమాట అన్నకు సగం మద్దతు, మాధవరం బాబాయికి సగం మద్దతు.

తెల్లారేసరికి వీధిలో ట్యాంకులు ఉన్నాయి. మా సేఠు కుటుంబం అప్పటికే సౌదీకి వెళ్లిపోయింది. కొన్నేళ్ల జీతం దీనార్లలో దాచుకున్నాను. కువైట్ దీనారును ఇరాకీ దీనారుతో సమానం చేశారు, తర్వాత అసలు చెల్లకుండా చేశారు. ఉన్న డబ్బంతా కాగితం అయిపోయింది. బస్సులో బస్రా, అక్కడి నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్ సరిహద్దు. ఎడారిలో గుడారాల్లో నీళ్ల కోసం కొట్టుకున్నాం. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానం ఎక్కిన రోజు విమానంలో సగం మంది ఏడుస్తూనే ఉన్నారు. 1,70,000 మందికి పైగా భారతీయులను అలా తెచ్చారు. మా జిల్లావాళ్లు, గోదావరి జిల్లాలవాళ్లు అందులో ఎంతో మంది. బొంబాయిలో దిగి, రైలెక్కి, ఇంటికి వెళ్తే మా అమ్మ నన్ను గుర్తు పట్టడానికి ఒక నిమిషం పట్టింది.

1991లో ఇరాక్‌ను కువైట్ నుంచి వెళ్లగొట్టిన యుద్ధం నా లెక్కలో తగినదే. ఆ యుద్ధం జరగకపోతే నాకు మళ్లీ ఉద్యోగం లేదు, మా చెల్లెలి పెళ్లి లేదు. ఆ యుద్ధానికీ అంచు ఉంది. ఇరాక్‌ను కువైట్ నుంచి పంపించారు, ఆగారు. నేను తిరిగి వచ్చేసరికి మంటలు ఆర్పేశారు గానీ ఎడారిలో నూనె మడుగులు ఇంకా అలాగే ఉన్నాయి. ఇరాక్ సైన్యం వెళ్తూ 600కు పైగా బావులకు నిప్పు పెట్టింది.

2003 యుద్ధం కూడా నేను కువైట్ నుంచే చూశాను. సైన్యం మా పక్కనుంచే ఉత్తరానికి వెళ్లింది. అప్పుడు ఇక్కడివారు చాలా మంది సంతోషించారు. ఏడాది తిరిగేసరికి ఆ మాట తగ్గింది. 2004 జూలైలో ఇక్కడి రవాణా కంపెనీలో పనిచేసే ముగ్గురు భారతీయ లారీ డ్రైవర్లను ఇరాక్‌లో ఎత్తుకెళ్లారు. చివరికి విడిచిపెట్టారు గానీ, ఆ రోజుల్లో డ్రైవర్ ఉద్యోగం చేసే మాలో ఎవరికీ నిద్ర లేదు. రెండింతల జీతం ఇస్తాం, సామాను బాగ్దాద్ చేర్చండి అని మమ్మల్నీ అడిగారు. నేను వెళ్లలేదు. వెళ్లినవారు ఉన్నారు.

పల్లెటూరి_పిల్ల
కడప అన్నా, ఇది చదివి మా నాన్నకు వినిపించాను. అప్పుడు ఆయన స్నేహితుడు కూడా అలాగే వచ్చారట. పోయిన డబ్బు ఎవరైనా తిరిగి ఇచ్చారా?

కువైట్_కడప
ఇచ్చారమ్మా. ఐక్యరాజ్యసమితి నష్టపరిహార సంఘం పెట్టింది. మన ప్రభుత్వం ద్వారా దరఖాస్తులు వెళ్లాయి. ఏళ్లు పట్టింది గానీ కొంత వచ్చింది. ఆ డబ్బు ఇరాక్ చమురు ఆదాయం నుంచి కోసి ఇచ్చారు.

పద్దుపుస్తకం
ఆ పద్దు నేను చెబుతాను, ఇది చాలామందికి తెలియదు. ఆ పరిహారం మొత్తం 5,240 కోట్ల డాలర్లు. ఇరాక్ చివరి వాయిదా కట్టింది 2022లో. సద్దాంను 2006 డిసెంబరు 30న ఉరి తీశారు. ఉరి తీసిన తర్వాత పదిహేనేళ్లు అతని అప్పు ఇరాక్ ప్రజలు తీర్చారు. 1990లో పుట్టనివారు కూడా.

మరొకటి. కడప గారు చెప్పిన 1991 యుద్ధానికి అయిన ఖర్చు సుమారు 6,100 కోట్ల డాలర్లు. అందులో దాదాపు 5,400 కోట్లు సౌదీ, కువైట్, జపాన్, జర్మనీ వంటి దేశాలు కట్టాయి. ఎందుకు కట్టాయి? కారణం వారికీ నచ్చింది. 2003లో అమెరికా చెంతకు అలా డబ్బుతో వచ్చిన దేశాల జాబితా చాలా చిన్నది.

హ్యూస్టన్_రావు
ఆ డబ్బు ఎలా పుట్టిందో ఇక్కడ ఉన్నవాడిగా చెబుతాను. పన్ను వేసి కాదు, అప్పు తెచ్చి. 2001లో పన్నులు తగ్గించారు, 2003లో యుద్ధం మొదలైన తర్వాత మళ్లీ తగ్గించారు. పూర్వం పెద్ద యుద్ధాలు చేసినప్పుడు అమెరికా పన్నులు పెంచింది, జనానికి బాండ్లు అమ్మింది. యుద్ధం జరుగుతోందని ప్రతి ఇంటికీ తెలిసేది. ఈసారి నా జీతంలో ఒక్క డాలరు ఎక్కువ కోయలేదు. నిర్బంధ సైనిక సేవ లేదు కాబట్టి మా కాలనీలో పిల్లలెవరినీ తీసుకెళ్లలేదు. నేను పనిచేసే ఆఫీసులో ఇరాక్ వెళ్లినవారు ఉన్నారేమో అని వెతికితే ఒక్కరూ లేరు. చిన్న ఊళ్ల నుంచి, కాలేజీ ఫీజు కట్టలేని ఇళ్ల నుంచి వెళ్లారు.

అందుకే ఆ యుద్ధం అంత కాలం సాగిందని నా గట్టి నమ్మకం. బాధ పడేవారు తక్కువ, చూసేవారు ఎక్కువ. యుద్ధం ప్రకటించిన నాడే దానికో పన్ను వేసి ఉంటే 2004 ఎన్నికల్లోనే జనం నిలదీసేవారు.

సూటిమాట
రావు గారూ, అది అమెరికా ఆర్థిక విధానం మీద విమర్శ. యుద్ధం తగినదా కాదా అనేదానికి జవాబు కాదు.

హ్యూస్టన్_రావు
కాదండీ, అదే అసలు జవాబు. తగినదా అని తూచవలసినవారి చేతికి బరువు తెలియకుండా చేశారు. తూకం ఎలా నిజమవుతుంది?

నిర్మల_నర్సు
ఖర్చు ముగిసిపోయిందన్నట్టు మాట్లాడుతున్నారు. ముగియలేదు. నేను అమెరికాలో మాజీ సైనికుల పునరావాస విభాగంలో పనిచేస్తున్నాను.

మునుపటి యుద్ధాల్లో చనిపోయేవారు ఈ యుద్ధంలో బతికారు. ఛాతీకి కవచం ఉంది, హెలికాప్టర్ నిమిషాల్లో వస్తుంది, శస్త్రచికిత్స చేసేవారు దగ్గర్లోనే ఉన్నారు. కానీ రోడ్డు పక్కన పెట్టిన మందుపాతర పేలితే కాళ్లు పోతాయి, ఆ అదురుకు మెదడు దెబ్బతింటుంది. పైకి గాయం కనిపించదు. పేరు గుర్తుండదు, వెలుతురు భరించలేరు, పిల్లవాడు తలుపు గట్టిగా వేస్తే నేల మీద పడుకుంటారు. గాయపడినవారి లెక్క 32,000 అని రాస్తారు. ఇలాంటివారిలో చాలా మంది ఆ లెక్కలో కూడా ఉండరు.

కృత్రిమ కాలు ఒకసారి పెడితే అయిపోదు. కొన్నేళ్లకోసారి మార్చాలి. ఇరవై రెండేళ్లవాడికి కాలు పోతే ఇంకో యాభై ఏళ్ల లెక్క వేయండి. భర్తను చూసుకోవడానికి ఉద్యోగం మానేసిన భార్య జీతం ఏ బడ్జెట్‌లో ఉంది? స్థావరాల్లో చెత్తను విమాన ఇంధనం పోసి గోతుల్లో తగలబెట్టేవారు. ఆ పొగ పీల్చినవారికి ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్లు వస్తుంటే, అది సేవ వల్ల వచ్చిందని ఒప్పుకోవడానికి చట్టం 2022లో గానీ రాలేదు.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. 2001 తర్వాతి యుద్ధాలన్నిటిలో పనిచేసినవారిలో ఆత్మహత్య చేసుకున్నవారు 30,000కు పైగా ఉన్నారని బ్రౌన్ విశ్వవిద్యాలయం అధ్యయనం 2021లో చెప్పింది. ఆ యుద్ధాల్లో చనిపోయినవారికి అది నాలుగింతలు. మా విభాగంలో వారం వారం వచ్చే మనిషి ఒక వారం రాకపోతే మేమందరం ఫోను వైపు చూస్తాం.

పద్దుపుస్తకం
నిర్మల గారూ, మీరు రాసినదానికి బిల్మ్స్ చూపించిన లెక్క ఒకటి తోడవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధ సైనికుల పరిహారం ఖర్చు గరిష్ఠానికి చేరింది 1969లో. యుద్ధం ముగిసి యాభై ఏళ్లయ్యాక. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. దానికి సంబంధించిన చివరి పింఛను నెలకు 73.13 డాలర్లు చొప్పున ఒక సైనికుడి కూతురికి 2020లో ఆమె చనిపోయే వరకు వెళ్లింది. ఆ లెక్కన ఇరాక్ పింఛన్లు ఈ శతాబ్దం చివరి వరకు వెళ్తాయి.

జగిత్యాల_అన్వేష్
ఇరాక్ నుంచే రాస్తున్నాను. కుర్దుల ప్రాంతంలోని ఎర్బిల్ నగరంలో భవన నిర్మాణంలో పని. మా జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు ఇక్కడ చాలా మంది ఉన్నారు.

సూటిమాట అన్న చెప్పినది ఇక్కడ కుర్దుల నోట రోజూ వింటాను. మా మేస్త్రీ కుటుంబంలో అన్ఫాల్‌లో పోయినవారు ఉన్నారు. ఆయనకు బుష్ పేరు ఎత్తితే కళ్లు చెమరుస్తాయి. సద్దాం పోయాడు, అది చాలు అంటాడు. ఎర్బిల్ చూస్తే యుద్ధం జరిగిన దేశంలా ఉండదు. పెద్ద పెద్ద భవనాలు, హోటళ్లు. కానీ ఇక్కడ బాగుపడటం 1991లో విమాన నిషేధ ప్రాంతం పెట్టినప్పటి నుంచే మొదలైందని కూడా ఆయనే చెబుతాడు.

అదే పనిలో మోసుల్ నుంచి వచ్చిన తాపీ మనిషి ఉన్నాడు. 2014 జూన్‌లో ఉగ్రవాద సంస్థ ఐసిస్ మోసుల్‌ను పట్టుకుంది. 2017 జూలైలో విడిపించేసరికి పాత ఊరు రాళ్ల గుట్ట అయింది. ఆయన ఇల్లు అందులో ఉంది. 2003కు ముందు మాకు నోరు లేదు, తర్వాత ఇల్లు లేదు అంటాడు. ఇక్కడి చిన్న మత వర్గమైన యజీదీల సంగతి చెప్పనక్కర్లేదు, 2014 ఆగస్టులో సింజార్‌లో ఆడపిల్లలను సంతలో అమ్మారు. ఇద్దరు మనుషులూ ఒకే చోట కూర్చుని టీ తాగుతారు, ఈ విషయం మాత్రం మాట్లాడుకోరు.

సూటిమాట
అన్వేష్, మీ మేస్త్రీ మాటను అందరూ చదవాలి. ఇక్కడ కూర్చుని లెక్కలు వేయడం తేలిక. ఐసిస్ 2014లో వచ్చింది, 2011లో అమెరికా వెళ్లిపోయాక. తొందరగా వదిలి వెళ్లడం తప్పు.

చరిత్ర_టీచర్
ఐసిస్ విత్తనం 2011లో పడలేదు. 2003 మేలో పడింది. అమెరికా అధికారి పాల్ బ్రెమర్ వెళ్లగానే రెండు ఆదేశాలు ఇచ్చారు. మొదటిది సద్దాం నడిపిన బాత్ పార్టీలో పై స్థాయిల్లో ఉన్నవారందరినీ ఉద్యోగాల నుంచి తీసేయడం. పార్టీ కార్డు లేకపోతే ఉద్యోగమే దొరకని దేశంలో బడిపంతుళ్లు, డాక్టర్లు కూడా పోయారు. రెండోది ఇరాక్ సైన్యం రద్దు. లక్షల మంది చేతిలో ఆయుధం, ఇంట్లో ఆకలి. ఐసిస్ దళాలను నడిపినవారిలో పాత ఇరాక్ సైన్యాధికారులు చాలా మంది ఉన్నారు. 2006 ఫిబ్రవరిలో సమర్రాలో షియాల పవిత్ర మందిరాన్ని పేల్చాక బాగ్దాద్ వీధి వీధికీ చీలిపోయింది. 40 లక్షల మందికి పైగా ఇళ్లు వదిలారు.

మిలటరీ_మాధవరం
ఆ రెండో ఆదేశం చదివినప్పుడు నేను ఇంకా సర్వీసులోనే ఉన్నాను. ఓడిన సైన్యాన్ని జీతం ఇచ్చి బ్యారక్‌లో కూర్చోబెట్టాలని కొత్తగా చేరిన జవానుకు కూడా తెలుసు. 1971లో ఢాకాలో లొంగిపోయిన 93,000 మందిని మనం లెక్కపెట్టి, శిబిరాల్లో పెట్టి, తిండి పెట్టి, తర్వాత పంపించాం. అమెరికా సైన్యాధిపతి జనరల్ షిన్సెకి యుద్ధానికి ముందే, గెలిచాక దేశాన్ని అదుపులో ఉంచడానికి కొన్ని లక్షల మంది కావాలని కాంగ్రెస్‌లో చెప్పారు. యూనిఫాం వేసుకున్న మనిషి మాటను కోటు వేసుకున్నవారు వినలేదు.

2003లో మన సైన్యాన్నీ అడిగారు, గుర్తుందా? ఒక డివిజన్, ఉత్తర ఇరాక్‌కు. మా యూనిట్‌లో వెళ్తామా వెళ్లమా అని రోజూ చర్చే. ఎక్కువ జీతం వస్తుందని కుర్రాళ్లకు ఆశ.

చరిత్ర_టీచర్
గుర్తుంది. అప్పటికే 2003 ఏప్రిల్‌లో పార్లమెంటు ఆ యుద్ధాన్ని నిందిస్తూ తీర్మానం చేసింది. జూలై 14న వాజ్‌పేయి ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి ఆమోదం లేకుండా పంపబోమని చెప్పింది. చేయని యుద్ధం వల్ల మిగిలిన ప్రాణాలకు ఎక్కడా స్మారకం ఉండదు. అందుకే ఆ నిర్ణయం విలువ ఎవరికీ గుర్తుండదు.

మిలటరీ_మాధవరం
నాకు గుర్తుంది. ఆ కుర్రాళ్లలో కొందరికి ఇప్పుడు మనవలు ఉన్నారు.

జగిత్యాల_అన్వేష్
సైన్యం రాలేదు గానీ కూలీలు వచ్చారు కదా సార్. 2014లో మోసుల్‌లో 39 మంది భారతీయ కార్మికులను ఐసిస్ చంపింది. పంజాబ్, హిమాచల్, బీహార్, బెంగాల్ వాళ్లు. వారు లేరని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది 2018 మార్చిలో. అప్పటిదాకా నాలుగేళ్లు ఇంటివారు ఫోను కోసం ఎదురు చూశారు. ఆ 39 మంది ఎవరి యుద్ధం లెక్కలో పడతారు పద్దుపుస్తకం గారూ?

పద్దుపుస్తకం
ఏ లెక్కలోనూ పడరు అన్వేష్. 2004 ఆగస్టులో చంపిన 12 మంది నేపాలీ కార్మికులూ పడరు. నా లెక్కలు ఇక్కడ చాలవు.

పల్లెటూరి_పిల్ల
చమురు కోసమే చేశారని మా సార్ చెబుతారు. ఆ లాభమైనా దక్కిందా మరి?

హ్యూస్టన్_రావు
నేను ఉండేది చమురు ఊరిలోనే తల్లీ. అందరూ అనుకున్నంత దక్కలేదు. 2009లో ఇరాక్ తన అతిపెద్ద క్షేత్రం రుమైలాను వేలం వేస్తే బ్రిటన్ కంపెనీ బీపీ, చైనా ప్రభుత్వ కంపెనీ కలిసి దక్కించుకున్నాయి. చైనా ఒక్క సైనికుణ్ని పంపలేదు. మన దేశం కూడా లాభపడినట్టే. 2017-18లో సౌదీని దాటి మనకు అత్యధికంగా ముడి చమురు అమ్మిన దేశం ఇరాక్. వ్యూహం పరంగా చూస్తే ఇరాన్ లాభపడింది. అమెరికా సైన్యం తానే రాయించుకుని 2019లో విడుదల చేసిన అధ్యయనం, ఈ యుద్ధంలో గెలిచినట్టు కనిపించేది ఇరాన్ ఒక్కటేనని చెప్పింది. శత్రువుకు శత్రువును తన ఖర్చుతో తొలగించిపెట్టారు.

వేదిక_నిర్వాహకులు
ఎవరూ ఎవరినీ తిట్టకుండా ఇంత దూరం వచ్చిన యుద్ధ చర్చ మన వేదికలో ఇదే మొదటిది. కొనసాగించండి. ఉక్రెయిన్ గురించి వచ్చిన రెండు పోస్టులను మాత్రం వేరే చర్చకు మార్చాం.

సూటిమాట
సరే, అందరూ ఒక మాట చెప్పండి. వెళ్లి పోరాడినవారు ఏమంటున్నారు? మన అభిప్రాయాల కంటే అది ముఖ్యం.

హ్యూస్టన్_రావు
అడిగారు. 2019లో ప్యూ పరిశోధన సంస్థ సర్వే చేసింది. లాభాలు, ఖర్చులు చూసుకుంటే ఇరాక్ యుద్ధం చేయదగినది కాదని మాజీ సైనికుల్లో 64 శాతం చెప్పారు. మామూలు ప్రజల్లో 62 శాతం. దాదాపు సమానం.

సూటిమాట
అదే సర్వేలో మాజీ సైనికుల్లో 33 శాతం మంది చేయదగినదే అన్నారు. వారిని మూర్ఖులు అనలేం కదా.

నిర్మల_నర్సు
అనలేం, అనకూడదు కూడా. మా దగ్గరికి వచ్చేవారిలో ఇద్దరూ ఉన్నారు. ఒకాయన ఇరాక్‌లోని ఫల్లూజా నగరంలో రెండు కాళ్లు పోగొట్టుకున్నారు. తగినదే అంటారు, తను కాపాడిన వీధి గురించి, అక్కడ తెరిచిన బడి గురించి చెబుతారు. 2014లో ఫల్లూజా ఐసిస్ చేతికి పోయిందన్న వార్త వచ్చినప్పుడు కొన్ని నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంకొకాయనకు ఒంటి మీద గీత కూడా లేదు. ఒక తనిఖీ కేంద్రం దగ్గర ఆగని కారు మీద కాల్చారు, లోపల కుటుంబం ఉంది. ఆయనను తగినదా అని అడిగే ధైర్యం నాకు లేదు. ఆ 33 శాతంలోనూ, 64 శాతంలోనూ ఎవరు ఎందుకు ఉన్నారో సర్వే చెప్పదు సూటిమాట గారూ.

కువైట్_కడప
చెల్లెమ్మా, మీరు చేసే పని గొప్పది. ఆ కారు లోపల వాళ్ల బంధువులను ఎవరైనా సర్వే చేశారా అని నా ప్రశ్న.

చరిత్ర_టీచర్
బ్రిటన్‌లో 2009లో విచారణ సంఘం వేశారు. సర్ జాన్ చిల్కాట్ 2016 జూలైలో నివేదిక ఇచ్చారు, 26 లక్షల పదాలు. శాంతి మార్గాలన్నీ అయిపోకముందే యుద్ధానికి వెళ్లారని, యుద్ధం తర్వాతి ఏర్పాట్లు ఏ మాత్రం సరిపోలేదని రాశారు. ఇరాక్ పౌరుల మరణాలను లెక్కించడానికి ప్రభుత్వం మరింత ప్రయత్నం చేయాల్సిందని కూడా అందులో ఉంది. కడప గారి ప్రశ్నకు అంతవరకే జవాబు ఉంది.

సూటిమాట
సద్దాంను దింపడం తప్పని నేను ఇప్పటికీ అనను. అన్వేష్ మేస్త్రీ ముఖం చూసి ఆ మాట ఎవరూ అనలేరు. కానీ దింపిన మరునాడు ఏం చేయాలో రాసుకోకుండా బయలుదేరినవారిని సమర్థించడం నా పని కాదు. మాధవరం గారు చెప్పిన అంచు లేకపోవడమే ఫలితాన్ని తినేసిందని నా అభిప్రాయం. యుద్ధం అంటేనే తప్పు అనేవారితో మాత్రం నేను ఏకీభవించను.

మిలటరీ_మాధవరం
నేనూ ఏకీభవించను సూటిమాట గారూ. కానీ నా మనవడు సైన్యంలో చేరతానంటున్నాడు. చేరమనే చెప్పాను. వాణ్ని పంపించేవారు పంపే ముందు నాకు రెండు విషయాలు చెప్పాలి, వాడు ఏం సాధిస్తే తిరిగి వస్తాడు, వాడు కాలు లేకుండా వస్తే ఎన్నేళ్లు చూస్తారు. రెండూ పార్లమెంటులో అందరి ముందు చెప్పాలి.

పద్దుపుస్తకం
నిర్వాహకులు మార్చిన ఉక్రెయిన్ చర్చకు నేనూ వస్తున్నాను. అక్కడ దాడికి గురైన దేశం లెక్క, దాడి చేసిన దేశం లెక్క వేరు వేరుగా వేయాలి. కడప గారూ, కువైట్ విషయంలో మీరు చెప్పినది అక్కడ బాగా అవసరం, దయచేసి ఆ పోస్టు అక్కడ కూడా పెట్టండి. నిర్మల గారు చెప్పిన సంరక్షణ ఖర్చుల గురించి ఇంకా వివరంగా రాసేవారుంటే ఇక్కడే రాయండి, ఈ చర్చ తెరిచే ఉంటుంది.